డబ్బు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? వాయిస్ ప్రాసెస్ ట్రైనింగ్‌లో నా అనుభవం

ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్ ఉద్యోగాలకి, అంటే విదేశీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే కాల్ సెంటర్ పనికి, ప్రయత్నిస్తున్న మా ఊరి పిల్లలు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. గ్రామర్ ఎంత రావాలి, యాక్సెంట్ ఎలా పెట్టాలి. ఈ రెండింటికీ అంత టెన్షన్ పడక్కర్లేదు. యాక్సెంట్ పెట్టబోయి పెట్టలేక ఇబ్బంది పడేవాడికంటే నిదానంగా, స్పష్టంగా మన గొంతుతో మాట్లాడేవాడే నెగ్గుతాడు. మా బ్యాచ్‌లో మంచి ఇంగ్లిష్ ఉన్నవాళ్లు కూడా గట్టిగా తడబడింది డబ్బు మాటల దగ్గర. అందుకే ఆ సంగతే రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం, ఇంట్లో నాన్న కిరాణా కొట్టు. ఇంగ్లిష్ పేపర్ చదివితే అర్థమయ్యేది, మెల్లగా మాట్లాడగలిగేదాన్ని. హైదరాబాద్‌లో నాకొచ్చిన ఉద్యోగం ఒక అమెరికన్ ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడటం. న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో, కాబట్టి నైట్ షిఫ్ట్, క్యాబ్, పగలు నిద్ర, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ముందు వాయిస్ అండ్ యాక్సెంట్ క్లాసులు, తర్వాత ప్రాసెస్ ట్రైనింగ్, ఆ తర్వాత మాక్ కాల్స్, అంటే ఉత్తుత్తి కాల్స్, చివర్లో సర్టిఫికేషన్ అనే పరీక్ష. అది పాసైతేనే నెస్టింగ్‌కి పంపిస్తారు, అంటే పక్కన సీనియర్ వింటూ ఉండగా నిజం కాల్స్ తీసుకోవడం. సర్టిఫికేషన్ పోతే ఇంకో ఛాన్స్ ఇస్తారు, అదీ పోతే ఇంటికే.

ప్రాసెస్ ట్రైనింగ్ మొదట్లోనే పదాల లిస్టు ఒకటి చేతిలో పెట్టారు. రీఫండ్, రిటర్న్, ఎక్స్ఛేంజ్, స్టోర్ క్రెడిట్, ప్రైస్ మ్యాచ్, రీస్టాకింగ్ ఫీ, ఫైనల్ సేల్, పెండింగ్ చార్జ్, ఇలా రెండు పేజీలు. అందరం బట్టీ పట్టాం. రీఫండ్ అంటే ఏమిటి అంటే టకటకా చెప్పేవాళ్లం. కానీ మాక్ కాల్‌లో ట్రైనర్ మేడమ్ కస్టమర్‌గా మారి 'సో వేర్ ఈజ్ మై మనీ రైట్ నౌ?' అని అడిగేసరికి అందరూ గప్‌చుప్. బీటెక్ చేసినవాళ్లు, ఇంగ్లిష్ మీడియం వాళ్లు, అందరూ. మేడమ్ విసుక్కుని ఒక మాట అన్నారు: 'కస్టమర్‌కి మీ డెఫినిషన్ అక్కర్లేదమ్మా, వాళ్ల డబ్బు ఎవరి దగ్గరుందో చెప్పండి చాలు.'

నాకు దారి దొరికింది అక్కడే. మా కొట్టులో ఖాతా పుస్తకం రాసింది చాలావరకు నేనే. ఎవరు అరువు తీసుకున్నారు, ఎవరు బాకీ కట్టారు, ఎవరికి మనం చిల్లర తిరిగి ఇవ్వాలి అన్నదే ఆ పుస్తకమంతా. అదే పద్ధతిలో నోట్‌బుక్ పేజీకి మూడు గళ్లు గీశాను, కస్టమర్, బ్యాంకు, కంపెనీ అని. లిస్టులో ఉన్న ప్రతి మాటకీ డబ్బు ఏ గడిలోంచి ఏ గడికి పోతోందో బాణం గీశాను. రీఫండ్ అంటే కంపెనీ గడిలోంచి బ్యాంకు మీదుగా కస్టమర్ గడికి. స్టోర్ క్రెడిట్ అంటే డబ్బు కంపెనీ గడిలోనే ఉంటుంది, కానీ అంత విలువైన సరుకు తీసుకునే హక్కు కస్టమర్‌ది. ఎక్స్ఛేంజ్‌కి అసలు బాణమే లేదు, వస్తువు మారుతుంది, డబ్బు కదలదు. రీస్టాకింగ్ ఫీ అంటే వెనక్కి వచ్చే బాణంలోంచి కంపెనీ కొంత కోసుకుని మిగిలింది పంపడం. ఫైనల్ సేల్ అంటే వెనక్కి బాణం లేనే లేదు, కొన్నావా నీదే. ఇలా గీసుకున్నాక మాటలు వాటంతట అవే గుర్తుండిపోయాయి, మళ్లీ ఆ లిస్టు ముట్టుకోలేదు.

అన్నిటికంటే మొండిది ఆథరైజేషన్ హోల్డ్. ఆర్డర్ పెట్టగానే కార్డు మీద అంత మొత్తాన్ని బ్యాంకు ఆపి ఉంచుతుంది, యాప్‌లో 'పెండింగ్' అని కనిపిస్తుంది. వస్తువు షిప్ అయ్యాకే కంపెనీ నిజంగా డబ్బు తీసుకుంటుంది. మధ్యలో కస్టమర్ ఆర్డర్ మార్చితే కొత్త మొత్తానికి ఇంకో హోల్డ్ పడుతుంది, పాతది వెంటనే పోదు. ఆయన యాప్ తెరిచి చూసేసరికి రెండు మొత్తాలు, ఇంకేముంది, 'యూ చార్జ్‌డ్ మీ ట్వైస్!' అని ఫోన్. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం చూడండి, హోల్డ్ అచ్చం అదే, సీటు ఇంకా మనది కాలేదు, కానీ ఇంకొకరు కూర్చోవడానికి లేదు. ఇది నేను క్లాసులో చెబితే గుంటూరు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు పగలబడి నవ్వాడు గానీ, ఆ తర్వాత బ్యాచ్‌లో అందరూ హోల్డ్‌ని కర్చీఫ్ అనే పిలిచారు. కస్టమర్‌తో మాత్రం అనకూడదు లెండి.

ఇక్కడ ఎంచుకునే క్రియ చాలా ముఖ్యం. హోల్డ్ పోవడాన్ని 'రీఫండ్ చేస్తాం' అని చెప్పకూడదు, ఎందుకంటే డబ్బు మన గడిలోకి రానేలేదు, రాని డబ్బు వెనక్కి ఎలా ఇస్తాం. దానికి 'ద హోల్డ్ విల్ డ్రాప్ ఆఫ్' అనో 'యువర్ బ్యాంక్ విల్ రిలీజ్ ఇట్' అనో అంటారు. రీఫండ్ అని నోరు జారామా, కస్టమర్ ఖాతాలో రీఫండ్ కోసం వెతుక్కుంటాడు, అది రాదు, మళ్లీ ఫోన్ చేస్తాడు, ఈసారి కోపంగా. డెబిట్ కార్డు వాళ్లకి ఇంకా కష్టం, ఆగిపోయింది వాళ్ల సొంత డబ్బు కదా. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ ఖర్చయితే 'ఓవర్‌డ్రాన్' అంటారు, దానికి బ్యాంకు వేసే జరిమానా ఓవర్‌డ్రాఫ్ట్ ఫీ.

రెండో తలనొప్పి ట్యాక్స్. మనకి ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, అన్ని పన్నులూ కలిపిన ధర, అంతకు మించి అడిగితే గొడవ పెట్టుకోవచ్చు. అమెరికాలో చాలాచోట్ల రాసి ఉన్న ధర వేరు, కట్టాల్సింది వేరు. సేల్స్ ట్యాక్స్ చివర్లో కలుస్తుంది, అది రాష్ట్రాన్ని బట్టి, కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి, ఊరిని బట్టి మారుతుంది. హ్యూస్టన్‌లో 8.25 శాతం. అంటే 49.99 డాలర్ల వస్తువుకి 54.11 కట్టాలి. ఓరెగన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలవేర్ రాష్ట్రాల్లో మాత్రం సేల్స్ ట్యాక్స్ లేదు. ఓరెగన్‌లో ఉండే మనిషి పక్కనున్న వాషింగ్టన్‌లో చెల్లెలికి బహుమతి పంపిస్తే ట్యాక్స్ పడుతుంది, వస్తువు చేరే చోటుని బట్టి లెక్క కాబట్టి. 'నాకెప్పుడూ ట్యాక్స్ పడదే' అని ఆయన ఫోన్ చేస్తాడు. ఇలాంటప్పుడు చెప్పడానికి వాడుకలో ఉన్న మాట 'ఇట్స్ బేస్డ్ ఆన్ ద షిప్పింగ్ అడ్రస్'. ఇంత చిన్న వాక్యం కోసం నేను ముందు ఒక పేరాగ్రాఫ్ తయారుచేసుకున్నాను, మేడమ్ కొట్టేశారు.

అంకెల విషయానికొస్తే, అమెరికన్ 'ట్వెల్వ్ ఫిఫ్టీ' అంటే పన్నెండు డాలర్ల యాభై సెంట్లు కావచ్చు, పన్నెండు వందల యాభై డాలర్లూ కావచ్చు, కొన్న వస్తువు చెప్పుల జతా సోఫానా అన్నదాన్ని బట్టే తేలుతుంది. థర్టీన్‌కీ థర్టీకీ తేడా ఫోన్‌లో దాదాపు వినపడదు. అందుకే అనుమానం వచ్చిన ప్రతిచోటా 'దట్స్ వన్ త్రీ, థర్టీన్ డాలర్స్, కరెక్ట్?' అని అడగటం అలవాటు చేసుకున్నాను, మన కాల్స్ విని తప్పొప్పులు చూసే క్వాలిటీ వాళ్లు కూడా దీనికి మార్కులు వేస్తారు. మనం ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు డబుల్ ఫైవ్, ట్రిపుల్ నైన్ అంటాం, అక్కడి చాలామందికి అది వింతగా ఉంటుంది, ఐదు ఐదు అని విడివిడిగా చెప్పాలి. లక్ష అన్న లెక్కే వాళ్లకి లేదు. బక్స్ అంటే డాలర్లు, గ్రాండ్ అంటే వెయ్యి. నికెల్, డైమ్, క్వార్టర్ అని నాణేల పేర్లు కూడా నేర్పారు, ఐదు, పది, పాతిక సెంట్లు. అందులో పది సెంట్ల డైమ్ ఐదు సెంట్ల నికెల్ కంటే చిన్న సైజులో ఉంటుందట, ఎందుకో ఏమో. ఫోన్ ఉద్యోగంలో ఆ నాణేలతో నాకు పని పడలేదు.

మనం రోజూ వాడే ఇంగ్లిష్ మాటలే కొన్నిసార్లు అడ్డం తిరుగుతాయి. షాపులో డబ్బు కట్టాక ఇచ్చే కాగితాన్ని మనం బిల్లు అంటాం, వాళ్లకది రిసీట్. వాళ్ల బిల్ అంటే ఇంకా కట్టాల్సింది, లేదా నోటు. మన ఈఎంఐ వాళ్లకి మంత్లీ పేమెంట్స్. క్యాష్‌బ్యాక్ అంటే మనకి ఆఫర్, వాళ్ల క్రెడిట్ కార్డులకీ ఆ అర్థం ఉంది, కానీ సూపర్ మార్కెట్ కౌంటర్‌లో 'క్యాష్ బ్యాక్?' అని అడిగారంటే డెబిట్ కార్డు గీకేటప్పుడే కొంత నగదు కూడా కావాలా అని. ఇక లెండ్, బారో గొడవ మా బ్యాచ్ మొత్తాన్నీ ఏడిపించింది. మనకి రెండిటికీ అప్పే కదా, ఇచ్చినా అప్పే, తీసుకున్నా అప్పే. నా మూడు గళ్ల పేజీయే దీనికీ పనికొచ్చింది, బాణం నా గడిలోంచి బయటికి పోతే లెండ్, లోపలికి వస్తే బారో, వచ్చి ఇంకా తిరిగి పోకపోతే 'ఓ' (owe), అంటే బాకీ ఉండటం.

సర్టిఫికేషన్ కాల్‌లో నాకు పడింది కర్చీఫే. పక్క గదిలోంచి అసెసర్ సార్, అంటే పరీక్ష పెట్టేవారు, కస్టమర్‌లా అరుస్తున్నారు, ఆర్డర్ క్యాన్సిల్ చేశాను, అయినా ఖాతాలో 86 డాలర్లు కనపడటం లేదు, మీరు దొంగలు అని. నేను ముందు క్షమాపణ చెప్పి, తర్వాత ఇదే అన్నాను: 'యువర్ ఆర్డర్ వాజ్ క్యాన్సిల్డ్ బిఫోర్ ఇట్ షిప్డ్, సో వీ నెవర్ టుక్ ద మనీ. వాట్ యూ సీ ఈజ్ ఎ పెండింగ్ హోల్డ్. ఇట్స్ స్టిల్ విత్ యువర్ బ్యాంక్.' ఆయన ఒక్క క్షణం ఆగి, ఇంకా గొంతు పెంచి, అయితే మీరు బ్యాంకుకి ఫోన్ చేసి విడిపించండి అన్నారు. మనం చేయలేం. చేయలేమని చెబుతూనే చేయగలిగింది చెప్పాలి, క్యాన్సిల్ అయినట్టు మెయిల్ పంపుతాను, అది మీ బ్యాంకుకి చూపించి త్వరగా విడుదల చేయమని అడగొచ్చు అన్నాను. పాస్. షీటు మీద రాసిన రిమార్క్ ఒక్కటే, మాట్లాడే వేగం తగ్గించుకోమని.

నెస్టింగ్‌లో నాకు బాగా గుర్తున్న కాల్ ఒక పెద్దావిడది. వదినగారు పంపిన స్వెటర్ నచ్చలేదట, చేతిలో గిఫ్ట్ రిసీట్ ఉంది, దాని మీద ధర ఉండదు, వాపసు ఇవ్వాలి. పేజీలో బాణం కొంచెం చిక్కుగా ఉంది, డబ్బు కట్టింది వదిన, వస్తువు ఇస్తున్నది ఈవిడ. మా పాలసీ ప్రకారం గిఫ్ట్ రిటర్న్‌కి వచ్చే విలువ గిఫ్ట్ కార్డు రూపంలో పుచ్చుకున్నవాళ్లకే పోతుంది, కార్డు పెట్టి కొన్నవాళ్లకి కాదు. అది చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి, మా వదినకి తెలుస్తుందా అని అడిగింది. 'నో మేమ్, షీ వోంట్ బీ నోటిఫైడ్' అన్నాను. ఇక చూడండి, మిగతా కాల్ అంతా ఆ డబ్బుతో ఏం కొనుక్కోవాలో నన్నే సలహా అడుగుతూ కూర్చుంది, పక్కన సీనియర్ గడియారం చూపిస్తూ కాల్ ముగించమని సైగలు.