మోటర్‌హోమ్ బ్యాటరీకి తోడుగా పవర్ స్టేషన్: ఆరు వారాల నోట్స్

మా మోటర్‌హోమ్‌లో లీజర్ బ్యాటరీ, అంటే ఇంజన్‌కి కాకుండా లోపలి ఫ్రిజ్, లైట్ల లాంటివాటికి కరెంటు ఇచ్చేది, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ఏజీఎం. ఏజీఎం అంటే లెడ్ యాసిడ్‌లోనే ఒక రకం. పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. ప్లగ్ పాయింట్ లేని చోట బండి ఆపితే రెండో ఉదయం మీటర్ 12.2 వోల్టులు, మూడో ఉదయం 11.8 చూపించేది. లెడ్ యాసిడ్ రకం బ్యాటరీని సగం కంటే కిందికి మాటిమాటికీ దించితే దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది. అంటే 100 అని రాసి ఉన్నా నిజంగా వాడుకోగలిగేది 50 మాత్రమే. దీన్ని సరిచేయాలని 1024 వాట్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పవర్ స్టేషన్ (బ్యాటరీ, ఇన్వర్టర్, సాకెట్లు అన్నీ ఒకే పెట్టెలో ఉండేది) ఒకటి తెచ్చాను. ఇంకో బ్యాటరీ పెడదామంటే సీటు కింద పెట్టెలో చోటు లేదు. పైగా పాతబడిన ఏజీఎం పక్కన కొత్తదాన్ని కలిపితే పాతది కొత్తదాన్ని కూడా కిందికి లాగుతుంది.

మొదటి వారం: కొలతలు

ఏదీ కలపకముందే షంట్ మీటర్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టేది) పెట్టి వారం రోజులు లెక్క రాశాను. రోజుకి ఫ్రిజ్ 32 ఏహెచ్, చిన్న ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ 20, హీటర్ ఫ్యాన్ 8, లైట్లూ నీళ్ల పంపూ కలిపి 6. మొత్తం 66. పైకప్పు ప్యానెల్ నుంచి మంచి రోజున 25 వస్తుంది. రోజుకి 41 లోటు. ఈ లెక్క రాయకముందు లైట్లు తగ్గించడం మీదే నా ధ్యాసంతా ఉండేది. ఫ్రిజ్, లాప్‌టాప్ రెండూ కలిసి 52 తింటున్నాయని అంకెల్లో చూశాకే అసలు సంగతి తెలిసింది.

రెండో వారం: తప్పు దారి

అందరికీ మొదట తట్టే పద్ధతే నాకూ తట్టింది. స్టేషన్ ఏసీ సాకెట్ నుంచి బండి బయటి హుకప్ ఇన్‌లెట్‌కి (బయటి ప్లగ్ పాయింట్ కరెంటు తీసుకునే సాకెట్) వైరు వేస్తే, లోపలి చార్జర్ తన పని తాను చేసుకుంటుంది. చేసుకుంది కూడా. కానీ స్టేషన్‌లో 40 శాతం, అంటే దాదాపు 410 వాట్-అవర్లు ఖర్చయితే, షంట్ మీటర్ ప్రకారం బ్యాటరీకి చేరింది 22 ఏహెచ్, అంటే సుమారు 300. స్టేషన్ లోపలి డీసీని ఇన్వర్టర్ ఏసీగా మారుస్తుంది, బండి చార్జర్ దాన్ని మళ్లీ డీసీ చేస్తుంది. రెండు చోట్లా నష్టమే. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం దగ్గర చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. ఆ గంటలన్నీ ఇన్వర్టర్ ఊరికే నడుస్తూ తన వంతు తానూ తింటూ ఉంటుంది.

ఈ దారిలో వెళ్లేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. వాటర్ హీటర్ కరెంటు మోడ్‌లో ఉంటే ముందు ఆపేయాలి, లేకపోతే స్టేషన్ ఓవర్‌లోడ్ అవుతుంది. స్టేషన్ చార్జర్‌ని బండి లోపలి సాకెట్‌కి పెట్టి ఉంచకూడదు. తనను తానే చార్జ్ చేసుకుంటూ ఖాళీ అయిపోతుంది. మూడోది భద్రత. చాలా స్టేషన్లలో ఏసీ అవుట్‌పుట్‌కి ఎర్త్‌తో సంబంధం ఉండదు, అందువల్ల బండిలోని ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మామూలు హుకప్ మీద కాపాడినట్టు కాపాడుతుందని నమ్మలేం. నేనైతే ఈ పద్ధతిని అక్కడితో వదిలేశాను.

స్టేషన్ 12 వోల్టుల సాకెట్‌ని నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకి కలపడం ఇంకా తప్పు. నా స్టేషన్ ఆ సాకెట్లో 13.4 వోల్టులు, గరిష్ఠంగా 10 ఆంపియర్లు ఇస్తుంది. ఏజీఎం నిండాలంటే 14.4 దాకా కావాలి. దిగిపోయిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే సాకెట్ ట్రిప్ అవుతుంది. స్టేషన్ ఆపేసి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి వెనక్కి కరెంటు పారకుండా లోపల అడ్డు ఉందో లేదో కూడా బయటికి కనిపించదు.

మూడో వారం: ఫ్రిజ్‌ని విడదీయడం

బ్యాటరీలోకి కరెంటు పోయడం మానేసి, బ్యాటరీ మీది బరువు దించాలని నిర్ణయించుకున్నాను. ఫ్రిజ్, లాప్‌టాప్ స్టేషన్ మీదికి. లైట్లు, పంపు, హీటర్ బ్యాటరీ మీదే.

ఫ్రిజ్ వెనక 20 ఆంపియర్ల ఆన్-ఆఫ్-ఆన్ స్విచ్ పెట్టాను. ఒక వైపు నొక్కితే లీజర్ బ్యాటరీ, రెండో వైపు స్టేషన్. ప్లస్, మైనస్ రెండింటినీ మార్చే రకం తీసుకున్నాను, కాబట్టి రెండు సోర్సులూ ఏ క్షణంలోనూ కలవవు.

వైరు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలామంది ఫ్రిజ్ బాధలకి మూలం అక్కడే ఉంటుంది. బండితో వచ్చిన వైరు 1.5 స్క్వేర్ ఎంఎం, బ్యాటరీ నుంచి 4 మీటర్ల దూరం. పోను రాను 8 మీటర్ల రాగి, సుమారు 0.093 ఓమ్. కంప్రెసర్ 5 ఆంపియర్లు లాగితే దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది. బ్యాటరీ దగ్గర 12.1 ఉన్నప్పుడు ఫ్రిజ్‌కి అందేది 11.6. కంప్రెసర్ బోర్డు స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా తక్కువ చూసి ఆగిపోయేది. బ్యాటరీ పాడైందని ఎన్ని రోజులు టెన్షన్ పడ్డానో. కొత్త వైరు 6 స్క్వేర్ ఎంఎం, 2 మీటర్లు. ఇప్పుడు పోయేది 0.06 వోల్టు. స్టేషన్ సాకెట్ 13.4 దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మునుపటిలా తడబడటం లేదు.

సిగరెట్ లైటర్ తరహా ప్లగ్ కుదుపులకి వదులవుతుంది, వదులైతే వేడెక్కుతుంది. గట్టిగా పట్టే ప్లగ్ తీసుకోండి, లోపల 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. గంట నడిచాక ఒకసారి చేత్తో తాకి చూడండి.

లాప్‌టాప్‌ని 100 వాట్ల యూఎస్‌బీ-సీ పోర్టు నుంచే చార్జ్ చేస్తున్నాను. ఏసీ బటన్ నొక్కాల్సిన అవసరమే రావడం లేదు.

నాలుగో వారం: రాత్రి ఆగిపోయిన ఫ్రిజ్

పడుకునేటప్పుడు ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు. తెల్లవారి చూస్తే 13. స్టేషన్‌లో చార్జ్ 70 శాతం ఉంది, డీసీ మాత్రం ఆఫ్. చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతుంది, అప్పుడు లోడ్ దాదాపు సున్నా. ఎవరూ వాడటం లేదనుకుని స్టేషన్ తనంతట తానే అవుట్‌పుట్ మూసేసింది. యాప్‌లో ఎకో మోడ్, డీసీ ఆటో ఆఫ్ అని రెండు వేర్వేరు సెట్టింగులు ఉన్నాయి. నేను మొదటిదాన్ని ఒక్కదాన్నే ఆపాను. రెండూ ఆపాక ఇప్పటికి పదహారు రాత్రులు గడిచాయి, మళ్లీ ఆగలేదు. ఫ్రిజ్ కోసం స్టేషన్ కొనేవాళ్లు మొదటి రాత్రి ఇంటి దగ్గరే నడిపి చూడండి.

ఐదో వారం: నింపడం

ఇప్పుడు స్టేషన్ నుంచి రోజుకి 690 వాట్-అవర్ల దాకా ఖర్చవుతోంది, అంటే మూడింట రెండు వంతులు. నింపకపోతే ఒకటిన్నర రోజు వస్తుంది. మడతపెట్టే 200 వాట్ల ప్యానెల్‌ని ఎండకి ఎదురుగా వాల్చి, రెండుసార్లు తిప్పితే మధ్యాహ్నం 140 వాట్ల దాకా వస్తోంది, రోజు మొత్తానికి 600 వాట్-అవర్ల చుట్టూ. అదే నేల మీద పడుకోబెడితే 400 దాటలేదు.

ప్యానెళ్లు సిరీస్‌లో కలిపేవాళ్లు స్టేషన్ ఇన్‌పుట్ వోల్టేజ్ పరిమితిని తప్పకుండా చూడాలి. నాది 60. లోడ్ లేనప్పటి వోల్టేజ్‌ని కూడాలి, చలిలో అది ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఆంపియర్లు ఎక్కువైతే స్టేషన్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు ఎక్కువైతే ఇన్‌పుట్ కాలిపోతుంది.

బండి నడిచేటప్పుడు డాష్‌బోర్డ్ సాకెట్ నుంచి 95 వాట్లు వస్తాయి, రెండు గంటల ప్రయాణానికి 190 వాట్-అవర్లు. ఆ సాకెట్ ఇంజన్ తాళం తీస్తే ఆగిపోయే రకమేనని చూసుకున్నాను, లేకపోతే స్టార్టర్ బ్యాటరీ ఖాళీ అవుతుంది. ప్లగ్ పాయింట్ దొరికిన చోట చార్జింగ్ వేగాన్ని యాప్‌లో 300 వాట్లకి తగ్గిస్తున్నాను. పూర్తి వేగంలో ఫ్యాన్ చప్పుడుకి మంచం మీద పడుకోలేం.

ఆరో వారం

లీజర్ బ్యాటరీ మీద ఇప్పుడు రోజుకి 14 ఏహెచ్ లోడే ఉంది. పైకప్పు ప్యానెల్ దాన్ని ప్రతి మధ్యాహ్నానికి నింపేస్తోంది. ఐదు రోజులు ఒకే చోట ఆపితే ఏ ఉదయమూ 12.6 కంటే తగ్గలేదు. ఇంత పాత బ్యాటరీ మళ్లీ రోజూ పూర్తిగా నిండటం చూస్తే చాలా సంతోషంగా ఉంది.

స్టేషన్ 13 కిలోలు. గట్టిగా బ్రేక్ వేస్తే అంత బరువు ముందుకి దూసుకొస్తుంది. నేలలోని సీటు బోల్టులకి రెండు రాట్చెట్ పట్టీలతో కట్టాను, ఫ్యాన్ల వైపు నాలుగు వేళ్ల ఖాళీ వదిలాను.

మిగిలిన పని చలి. ఈ రకం లిథియం సెల్స్‌ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. ఇప్పుడున్న చోటు వెనక తలుపు పక్కన, రాత్రి అక్కడే అన్నిటికంటే చల్లగా ఉంటుంది. వచ్చే వారం స్టేషన్‌ని హీటర్ గొట్టం దగ్గరికి జరపాలి. వైరు ఇంకో మీటరున్నర పెరుగుతుంది కాబట్టి వోల్టేజ్ మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.