మా గోల్డ్‌ఫిష్‌లని చంపింది నా శుభ్రమే

మా ఇంట్లో మొదటి రెండు గోల్డ్‌ఫిష్‌లూ పదకొండు రోజులు బతికాయి. పోయిన రోజు కూడా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అవతల పక్కనున్న క్యాలెండర్‌లో తిథి కూడా చదవొచ్చు, అంత తేటగా. అందుకే ఎందుకు పోయాయో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అబ్బాయి పుట్టినరోజుకని కొన్నాం. గుండ్రటి గాజు గిన్నె, అడుగున రంగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్ హాల్లో టీవీ పక్కన పెట్టాం. పట్టేది నాలుగు లీటర్లు. షాపతను "రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చేయండి మేడం, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. నేను ఒకాకు ఎక్కువే చదివాను. రోజు విడిచి రోజు చేపల్ని మగ్గులోకి తీసి, గిన్నెనీ రాళ్ళనీ పీచుతో తోమి, పొద్దున్నే వచ్చే కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసనతో సహా నేరుగా పట్టి, అందులో మళ్ళీ వాటిని వదిలేదాన్ని. మా పనమ్మాయి చూసి "ఏటమ్మా, సేపకి కూడా తలంటా?" అని ఒకటే నవ్వు. వారం తిరిగేసరికి రెండూ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. ఆకలేమో అనుకుని ఇంకో చిటికెడు మేత వేశాను! ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత కూర్చుని చదువుకున్నాను, చేపలు పెంచే ఇద్దరు ముగ్గురిని విసిగించి మరీ తెలుసుకున్నాను. విషయం ఇదీ. చేప ఒంట్లోంచి వచ్చే వ్యర్థంలో ఎక్కువ భాగం అమ్మోనియా, అది మొప్పల్లోంచే నీళ్ళలోకి వచ్చేస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్ళినా వచ్చేది అదే. నీళ్ళలో కలిశాక రంగుండదు, చేపని చంపేంత ఉన్నా మన ముక్కుకి తెలీదు. దీన్ని తినే బాక్టీరియా ఒకటుంది, అది అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఆ నైట్రైట్‌ని ఇంకో రకం బాక్టీరియా తిని నైట్రేట్ చేస్తుంది, ఇది బాగా పేరుకుంటే తప్ప చేపకి పెద్దగా హాని చేయదు. ఈ రెండు రకాలూ నీళ్ళలో ఈదుతూ ఉండేవి తక్కువ, ఫిల్టర్ స్పాంజికీ రాళ్ళకీ అద్దానికీ అంటుకుని ఉండేవే ఎక్కువ. అంటే నేను పీచు పెట్టి తోమి, సింకులో పారబోస్తూ వచ్చింది వీటినే. అదీ చాలదన్నట్టు క్లోరిన్ నీళ్ళతో కడిగాను. మేఘాద్రిగడ్డ రిజర్వాయర్ నుంచో రైవాడ రిజర్వాయర్ నుంచో వచ్చే నీళ్ళలో క్లోరిన్ కలపబట్టే మనం ధైర్యంగా తాగుతున్నాం కానీ, అదే క్లోరిన్ చేప మొప్పల్ని కాలుస్తుంది, ఆ బాక్టీరియాని బతకనివ్వదు.

రెండోసారి తొట్టే ముందు కొన్నాను, చేపలు కాదు. 24×15×15 అంగుళాలు, అంచుదాకా పోస్తే 88 లీటర్లు పడుతుంది, మేం పోసేది 80. "రెండు చేపలకి ఇంత తొట్టా, ఇందులో పది పడతాయి" అని అందరూ అన్నారు. గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, శీలావతి కుటుంబంలోదే అండీ. వేలెడంత చూసి కొంటాం, సరిగ్గా పెరిగితే జానెడవుతుంది, పదేళ్ళు దాటి బతుకుతుంది. తినేది ఎక్కువ, వదిలేదీ ఎక్కువే. నీళ్ళు ఎంత ఎక్కువుంటే విషం అంత పలచన, మనం ఒక రోజు బద్ధకించినా కొంప మునగదు. కొత్తవాళ్ళకి చిన్న గిన్నె సులువని అమ్ముతారు గానీ అసలు చేయి తిరిగినవాళ్ళకే అది కష్టం.

చేపలు లేకుండానే తొట్టిని ఐదు వారాలు నడిపాను. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వడం, టెస్ట్ కిట్‌తో చూడటం. అమ్మోనియా గొట్టం ఆకుపచ్చగా తిరిగింది, కొన్నాళ్ళకి అది తగ్గి నైట్రైట్ పెరిగింది, చివరికి రెండూ సున్నాకొచ్చి నైట్రేట్ కనిపించింది. మధ్యలో ఒక వారం నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మొత్తం పారబోసేద్దామని చేయి లాగేసింది కానీ ఆగాను, దానంతటదే తేరుకుంది. మా అత్తయ్య మాత్రం చుట్టాలందరికీ ఫోన్లో "మా కోడలు నీళ్ళు పెంచుతోంది" అని చెప్పారు. తెలిసినవాళ్ళ ఇంట్లో బాగా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ళ స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, తోడు వేసినట్టే, చాలా రోజులు కలిసొస్తాయి.

ఇప్పుడు చేసే పని చాలా తక్కువ. ఆదివారం పైపు పెట్టి అడుగున ఉన్న చెత్తతో సహా ఒక బకెట్, అంటే 20 లీటర్లు లాగేస్తాను, అన్నే కొత్త నీళ్ళు పోస్తాను. కొత్త నీళ్ళు ముందు రోజే పట్టి, క్లోరిన్ ఎగిరిపోయేలా మూత లేకుండా ఉంచుతాను. తొందరైతే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు, షాపుల్లో యాంటీక్లోరిన్ అంటే ఇస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళు సంపులో పడి, ఓవర్‌హెడ్ ట్యాంకెక్కి వచ్చేసరికి క్లోరిన్ కొంత పోతుంది, అయినా దాన్ని నమ్ముకోను. వేసవిలో ఇంకో తిరకాసు ఉంది, మున్సిపల్ నీళ్ళు చాలకపోతే బోరు కలుపుతారు. మా బోరు కాస్త ఉప్పన. ఆ వారం ఒక్కసారే బకెట్ పోయకుండా రెండు మూడు విడతలుగా పోస్తాను. స్పాంజిని మూడు వారాలకోసారి, అదీ తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండుతాను, అంతే. చూడ్డానికి అసహ్యంగా గోధుమరంగులోనే ఉంటుంది. ఉండనివ్వండి.

మేత దగ్గర మాత్రం ఇంట్లో రోజూ యుద్ధమే. గోల్డ్‌ఫిష్‌కి అసలు పొట్ట అంటూ లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, అందుకే ఎప్పుడు చూసినా అడుక్కుంటూనే ఉంటుంది. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. ఇది అత్తయ్యకి చెప్పి చూడండి! "నోరు లేని జీవి, అలా చూస్తుంటే ఎలాగమ్మా" అని నాలుగు అన్నం మెతుకులు వేసేవారు. ఆ మెతుకులు రాళ్ళ సందుల్లో దూరి కుళ్ళేవి. గొడవెందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. వారానికోసారి ఉడికించిన పచ్చి బఠాణీ తొక్క తీసి ఆవిడే పెడతారు, మిగతా రోజులు డబ్బా నా దగ్గర.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. పోయినేడు ఒక చేప రెక్క చిరిగితే ఒక షాపులో నీలం మందు ఇచ్చారు, మిథిలీన్ బ్లూ. తొట్టిలోనే పోసేశాను. అది బాక్టీరియాకీ విషమేనట. నాలుగో రోజుకి నైట్రైట్ గొట్టం ఊదారంగుకి తిరిగింది. రోజూ పావువంతు నీళ్ళు మారుస్తూ, లీటరుకి గ్రాము చొప్పున రాళ్ళుప్పు కరిగించి పోస్తే (ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి పోకుండా అడ్డుకుంటుంది) ఎలాగో గట్టెక్కాం. మందేదైనా వేరే బకెట్లోనే వేయాలి. తొట్టి మూలల్లో సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది.

మే నెల సంగతి వేరు. చల్లటి నీళ్ళ చేప ఇది, మన ఎండాకాలంలో తొట్టి నీళ్ళు 31, 32 డిగ్రీలకి వెళ్ళిపోతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల దాకా పట్టే ఆక్సిజన్ 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. అమ్మోనియా విషం కూడా వేడికి ఇంకా పదునెక్కుతుంది. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లి తొట్టి మీద ఫ్యాన్ పెట్టి నీళ్ళు చల్లబరుస్తుంది. మన దగ్గర ఆ ఉక్కకి నీళ్ళు ఆవిరైతేగా చల్లబడటానికి! అందుకే నేను ఫ్రీజర్‌లో గడ్డకట్టిన వాటర్ బాటిల్ మూతతో సహా తేలేస్తాను, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, ఎయిర్ పంప్ రాత్రంతా నడుస్తుంది. ఆ నెలలో మేత సగమే.

కరెంటు పోతే టెన్షనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్ళో కరెంటు రోజుల తరబడి లేదు కదా. అప్పటికి మాకు చేపల్లేవు. పక్క ఫ్లాట్ అంకుల్ మాత్రం గంటకోసారి లేచి చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి ధారగా పోసేవారు, గాలి కలవాలని. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో బ్యాటరీతో నడిచే పంప్ ఒకటి ఎప్పుడూ రెడీగా ఉంటుంది. ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోతే వెంటనే ఆన్ చేయకండి, లోపల గాలాడక కుళ్ళినదంతా ఒక్కసారి తొట్టిలోకి వచ్చేస్తుంది, స్పాంజి తీసి పిండాకే పెట్టండి.

తీసిన నీళ్ళు పారబోయడం మానేశాం. నైట్రేట్ మొక్కలకి ఎరువే కాబట్టి బాల్కనీలో కరివేపాకుకీ తులసికీ పోస్తున్నాం. మనీప్లాంట్ కొమ్మ ఒకటి తొట్టి వెనకాల వేళ్ళు నీళ్ళలో ఉండేలా వేలాడదీశాను, అది ఈపాటికి కర్టెన్ రాడ్ దాకా పాకింది. ఆదివారం నేను కాస్త లేటుగా లేస్తే అత్తయ్యే బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నారు, "చేపల నీళ్ళు తీశావా అమ్మా, కరివేపాకుకి ఎండొచ్చేస్తోంది" అంటూ.