వీడియోలో మూడు లైన్లు

పది దాటింది. పొద్దున్నే బాక్సులు కట్టాలి. అయినా నిద్ర పట్టడం లేదు. సాయంత్రం తమ్ముడు పంపిన వీడియో ఇంకా మనసులో కెలుకుతూనే ఉంది.

నాన్న భీమరథ శాంతికి హాల్లో తెర మీద వేయడానికి వాడు వారం రోజుల నుంచి కూర్చుని చేస్తున్నాడు, అదే. మొత్తం ఆరు నిమిషాలు. అందులో నాన్నవి అయిదు నిమిషాల పైనే. పుట్టిన ఊరు, చదివిన బడి, ఉద్యోగంలో చేరిన ఏడాది, ప్రతి ప్రమోషన్‌కీ ఒక ఫోటో, ప్రతి బదిలీకీ ఒక ఊరి పేరు, చివర రిటైర్మెంట్ రోజు దండలు. అమ్మవి మూడు లైన్లు. 1978: వివాహం. 1980, 1983: పిల్లలు. 2008: మొదటి మనవడు. వెంటనే అందరం కలిసి ఉన్న ఫోటో, సన్నాయి, అయిపోయింది.

"అక్కా, మ్యూజిక్ ఎలా ఉంది?" అని కింద మెసేజ్.

మ్యూజిక్ బాగానే ఉందిరా. 1983కీ 2008కీ మధ్య పాతికేళ్ళున్నాయి. ఆ పాతికేళ్ళూ అమ్మ ఏం చేసింది? అదే అడిగాను. "ఇంట్లోనే ఉంది కదక్కా, ఏం వేయమంటావ్?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, అమ్మంటే ప్రాణం వాడికి. ఆ మాట అంత మామూలుగా అన్నాడనే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. వాడి ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజులో సగం అమ్మ ఇంట్లో మిషన్ మీద కుట్టిన జాకెట్ల డబ్బే. అది వాడికి తెలియదా? తెలుసు. తెలిసినా ఆ మూడు లైన్ల మధ్య దానికి చోటు దొరకలేదు.

మొన్న శనివారం "అమూర్" అనే ఫ్రెంచి సినిమా మళ్ళీ చూశాను. జబ్బు పడ్డ ముసలి భార్య, ఆవిణ్ణి చూసుకునే భర్త కథ. ఈయన సగంలో లేచి వెళ్ళిపోయారు, అత్తయ్య మోకాలి ఆపరేషన్ రోజులు గుర్తొస్తున్నాయని. నేను చివరిదాకా కూర్చున్నాను. అప్పటి నుంచి ఆ భార్యగా వేసిన ఎమ్మాన్యుయెల్ రివా గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఎక్కడ చూసినా ఆవిడ గురించీ రెండే లైన్లు. 1959లో "హిరోషిమా మోన్ అమూర్". 2012లో "అమూర్". మధ్యలో 53 ఏళ్ళు. ఆ 53 ఏళ్ళూ ఆవిడ తలుపేసుకుని కూర్చుని, 80 దాటాక ఎవరో తలుపు కొడితే బయటికొచ్చినట్టు రాస్తారు. ఆస్కార్ నామినేషన్ వచ్చినప్పుడు అదే కథ, 2017 జనవరిలో 89 ఏళ్ళకి పోయినప్పుడూ అదే కథ.

నిజంగా జరిగింది వేరు. "హిరోషిమా" కంటే ముందే ఆవిడ స్టేజి నటి. 1954లో ప్యారిస్‌లో బెర్నార్డ్ షా నాటకంతో మొదలుపెట్టింది. "హిరోషిమా" దర్శకుడు అలెన్ రెనే సినిమాలోకి తీసుకునేటప్పటికి 31 ఏళ్ళు. హిరోషిమాలో షూటింగ్ లేని వేళల్లో కెమెరా మెడలో వేసుకుని వీధుల్లో తిరుగుతూ అక్కడి పిల్లల్నీ నదినీ సందుల్నీ ఫోటోలు తీసింది. బాంబు పడి అప్పటికి పదమూడేళ్ళే. ఆ ఫోటోలు పుస్తకంగా రావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాత 1961లో మెల్విల్ అనే ఫ్రెంచి దర్శకుడి సినిమా. జర్మన్ల చేతిలో ఉన్న చిన్న ఊళ్ళో, దేవుణ్ణి నమ్మని విధవరాలు పాదిరీని ఏడిపిద్దామని చర్చికి వెళ్ళి, తనే చిక్కుకుపోతుంది. పాదిరీగా ఫ్రెంచి హీరో బెల్మోండో. మరుసటి ఏడాది "తెరేజ్ డెస్కెరూ", భర్తకి మెల్లగా విషం పెట్టే ఇల్లాలు. కేకలు వేయదు, కళ్ళు పెద్దవి చేయదు. ఆ ఇంట్లో గాలి ఆడక చేసిన పనిలా చేసింది. వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి దానికే. ఇవి రెండూ చూసిన మనిషి "ఒక్క సినిమా నటి" అని ఎలా రాస్తాడు?

ఆ తర్వాత పెద్ద వ్యాపార సినిమాల్లో వచ్చిన పాత్రలు చాలావరకు వద్దంది. నాటకాలు వేసింది, టీవీ సినిమాలు చేసింది, కవితల పుస్తకాలు వేసుకుంది. 1993లో పోలిష్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ తీసిన "బ్లూ"లో జూలియెట్ బినోష్ తల్లిగా కాసేపే కనిపిస్తుంది. వృద్ధాశ్రమంలో కూర్చుని టీవీ చూస్తూ, వచ్చిన కూతుర్ని తన చెల్లెలనుకుంటుంది. 2000లో ఆవిన్యాన్ నాటకోత్సవంలో యూరిపిడీస్ "మెడియా"లో ఉంది. మెడియాగా వేసింది ఇజబెల్ యుప్పేర్. పన్నెండేళ్ళ తర్వాత "అమూర్"లో ఆ యుప్పేరే ఈవిడ కూతురు. ఇదంతా ఖాళీ అట.

అసలు నన్ను పట్టేసింది ఇవేవీ కాదు. రివా కూడా కుట్టుపని చేసింది. 1927లో ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల ప్రాంతంలో షెనిమెనిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. వాళ్ళమ్మది కుట్టుపనే, నాన్న సైన్ బోర్డులు రాసేవాడు. ఈవిడా కొన్నేళ్ళు కుట్టింది. 26 ఏళ్ళకి ప్యారిస్‌ వెళ్ళి నటన బడిలో చేరింది. అది చదివినప్పుడు ఎంత సంతోషమేసిందో! పక్కన నిద్రపోతున్న ఈయన్ని లేపి మరీ చెప్పాను. అమ్మలాగే! అమ్మలాగే మిషన్ తొక్కిన మనిషి!

 ఇప్పుడు మా బాల్కనీలో తులసికుండీ పెట్టుకున్న ఇనుప స్టాండు అమ్మ మిషన్‌దే. తణుకులో ఉన్నప్పుడు శ్రావణమాసం వస్తే ఇంట్లో అన్నం తినడానికి చోటుండేది కాదు. మంచం నిండా జాకెట్టు గుడ్డలు, ఒక్కోదానికీ పిన్నుతో గుచ్చిన చీటీ, పక్కన ఆది జాకెట్లు. హుక్కులూ కాజాలూ నా డ్యూటీ. బాబిన్‌కి దారం చుట్టడం తమ్ముడిది.

నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒక రాత్రి. వెనక వీధి వాళ్ళ అమ్మాయి పెళ్ళి, మర్నాడు పొద్దున్నే జాకెట్టు ఇచ్చేయాలి. చీరలోంచి కత్తిరించిన టిష్యూ ముక్క, మళ్ళీ కొందామన్నా దొరకదు. కరెంటు లేదు. నేను లాంతరు పట్టుకున్నాను. అమ్మ చాక్‌తో గీసి, కత్తిరించి, ముక్కలు పక్కపక్కన పరిచి ఒక్కసారి ఆగిపోయింది. ముందు ముక్కలు రెండూ ఒకే వైపువి వచ్చాయి. వేరే గుడ్డయితే తిప్పి కుట్టేయొచ్చు. టిష్యూకి సీదా ఒక రంగు, ఉల్టా ఒక రంగు, తిప్పడానికి లేదు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కత్తెర కింద పెట్టి గోడకి ఆనుకుని చాలాసేపు ఆ ముక్కల్నే చూస్తూ కూర్చుంది. లాంతరు పట్టుకున్న చెయ్యి నొప్పెడుతున్నా మార్చుకోవడానికి భయమేసింది, నీడ కదిలితే ఆలోచన చెదిరిపోతుందేమోనని. తర్వాత లేచి, చేతులకని ఉంచిన గుడ్డ తీసింది. మోచేతి దాకా రావాల్సిన చేతుల్ని పొట్టివి చేసింది. మిగిలినదాంట్లోంచి ఇంకో ముందు ముక్క తీసింది. అదీ సరిపోలేదు, రెండంగుళాలు తక్కువ. ఆ రెండంగుళాలూ ఎడమ చంక కింద అతికింది. జరీ గీత జరీ గీతకి కలిసేట్టు మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టింది. కోడి కూసేసరికి ఇస్త్రీ చేసి మడత పెట్టింది. వాళ్ళు వస్తే "చేతులు పొట్టివి పెట్టానండీ, ఈ గుడ్డకి అవే అందం" అంది. కుట్టుకూలి తీసుకోలేదు, పెళ్ళికానుక అంది. పెళ్ళిలో ఆ అమ్మాయి చెయ్యెత్తి అక్షింతలు వేయించుకుంటుంటే నేనూ అమ్మా ఇద్దరం చంక కిందే చూశాం. ఎవరికీ కనపడలేదు.

ఇది కదా వీడియోలో వేయాల్సింది! ఇది కదా పాతికేళ్ళు!

ఇక్కడిదాకా రాసి ఉండబట్టలేక అమ్మకి ఫోన్ చేశాను. ఇంకా పడుకోలేదు. శాంతి సామాన్లు రాసుకుంటోందట. తమ్ముడి సంగతంతా చెప్పి, నీ కుట్టుపని గురించి ఒక నిమిషమైనా వేయిస్తాను, మిషన్ ఫోటో నేను పంపుతాను అన్నాను. రివా గురించీ చెప్పాను, ఆవిడా నీలాగే కుట్టేదమ్మా అని.

అమ్మ అంతా విని, "వద్దే, అది వేయకండి" అంది. మొహమాటమనుకుని గట్టిగా అడిగాను. "డబ్బుల్లేక కుట్టాను. ఇష్టమై కుట్టలేదు. మెడ పట్టేసేది, రాత్రుళ్ళు కళ్ళు మండేవి. నలుగురిలో ఆ మిషన్ చూపించి చప్పట్లు కొట్టిస్తే నాకేం బావుంటుంది?" అంది. ఆగి, "ఆ ఫ్రెంచి ఆవిడ మాత్రం ఇష్టమై కుట్టిందా? మానేసి పోయిందన్నావుగా" అంది.

నోట మాట రాలేదు.

నిజమే కదా. రివా కుట్టు వదిలేసి రైలెక్కిన మనిషి. ఇంట్లో ఒప్పుకోకపోయినా వెళ్ళింది. ఆవిడ కథలో కుట్టుమిషన్ తప్పించుకున్న చోటు. అమ్మ కథలో అది తప్పించుకోలేకపోయిన చోటు. "అమ్మలాగే" అని నేను గంతులేసింది, ఇద్దరికీ ఇష్టం లేని ఒకే పని చూసి. రివా నచ్చని పాత్ర వద్దనగలిగింది. అమ్మ శ్రావణమాసంలో ఒక్క జాకెట్టు కూడా వద్దనలేదు. ఈ రెండు మధ్యకాలాల్నీ పక్కపక్కన పెట్టి తమ్ముడి మీద కేకలేశాను.

రివాకైనా ఆ వద్దనడాలన్నీ సంతోషమే ఇచ్చాయా? ఇందాక నేను రాసింది చదువుకుంటే అంతా ఆవిడ కోరుకున్నట్టే ఉంది. కవితలు రాసే మనిషికి కూడా ఫోన్ మోగని సాయంత్రాలు ఉంటాయి. ఖాళీ లేదని నేను అంత గట్టిగా అనకూడదేమో. ఖాళీలు ఉండే ఉంటాయి. ఆ ఖాళీల్లోంచే "అమూర్" వచ్చిందని ఇప్పుడు అనిపిస్తోంది. అందులో పొద్దున్న టీ బల్ల దగ్గర ఆన్ (రివా పాత్ర పేరు) ఉన్నట్టుండి ఆగిపోతుంది. భర్త పిలుస్తాడు, తడిగుడ్డ పెడతాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి లేదు. కాసేపటికి ఏమీ జరగనట్టు మాట్లాడుతుంది. టీ పోయబోతే కప్పులో పడదు, పక్కన పడుతుంది. అప్పుడు ఆ మొహంలో వచ్చే భయం చాలా చిన్నది. తర్వాత మాటలు ఒక్కొక్కటే పోయి, నొప్పి అనే ఒక్క మాట మిగులుతుంది. నర్సు స్నానం చేయించే సీన్‌లో ఆ వయసులో అలా ఒళ్ళు అప్పగించడం ఎంత ధైర్యం. భర్తగా జాన్ లూయీ త్రాంతిన్యా కూడా ఎంతో గొప్పగా చేశాడు. కానీ నా కళ్ళు ఆవిడ మీద నుంచి కదలలేదు.

ఆ సినిమాలోనే భోజనం మధ్యలో ఫోటోల ఆల్బమ్ కావాలంటుంది. భర్త తర్వాత చూద్దువులే అన్నా వినదు. తెచ్చి ఇస్తే ఒక్కొక్క పేజీ తిప్పుతుంది. తన ఫోటోలు తనే చూసుకుంటుంది, ఎవరూ సన్నాయి పెట్టరు.

2013 ఫిబ్రవరి 24న ఆవిడ 86వ పుట్టినరోజు, అదే రోజు ఆస్కార్. ఆ ఏడాది ఉత్తమ నటి నామినేషన్లలో అందరికంటే పెద్ద ఈవిడ, అందరికంటే చిన్నది తొమ్మిదేళ్ళ పాప. బహుమతి ఇద్దరికీ రాలేదు. అప్పటికి ఫ్రాన్స్ వాళ్ళ సీజర్, బ్రిటన్ వాళ్ళ బాఫ్తా సినిమా బహుమతులు వచ్చేశాయి. మరుసటి ఏడాది మళ్ళీ స్టేజి ఎక్కింది, ప్యారిస్‌లో అతెలియే థియేటర్లో, చాలా ఏళ్ళ తర్వాత. నాటకం మార్గరీత్ దురాస్‌ది. "హిరోషిమా"కి రాసిన దురాసే. జ్ఞాపకాలు జారిపోతున్న ముసలి నటి పాత్ర. 87 ఏళ్ళకి అన్ని మాటలు కంఠతా పట్టి, మరిచిపోతున్న మనిషిగా నటించింది. ఆ రాత్రుల్లో హాల్లో కూర్చున్నవాళ్ళని తలుచుకుంటే నాకు ఈర్ష్యగా ఉంది.

తమ్ముడికి సారీ అని మెసేజ్ పెట్టాను. మిషన్ ఫోటో వద్దు, మరి ఏం వేయాలో అమ్మనే అడుగు అన్నాను. చూశాడు, ఇంకా జవాబివ్వలేదు. అలిగాడేమో.

ఫోన్ పెట్టేసే ముందు టిష్యూ జాకెట్టు గుర్తుందా అమ్మా అని అడిగాను. లాంతరు, పొట్టి చేతులు, ఎడమ చంక కింద అతుకు, అన్నీ చెప్పాను. అమ్మ గొంతు మారింది.

"ఎడమ కాదే, కుడి. నేను కత్తిరించినవి రెండూ ఎడమవి. అతికితే కుడిదే కదా అతకాలి?" అంది. "అతుకు కూడా రెండంగుళాలు కాదు, ఒకటింపావు. రెండయితే కనపడిపోదూ!"