కోస్ మెజాన్ కంకర దారుల్లో

దక్షిణ ఫ్రాన్స్‌లో సైకిల్ మీద ఫ్లోరాక్ ఊరు దాటగానే ఘాట్ రోడ్డే. పైకి చేరేసరికి కాళ్లు పీకేశాయి, కానీ ఆ మైదానం చూశాక అలుపే గుర్తు రాలేదు. సుమారు 1,000 మీటర్ల ఎత్తున సున్నపురాయి పీఠభూమి, కోస్ మెజాన్. కనుచూపు మేర గడ్డి, గొర్రెలు, తెల్లటి కంకర బాట. టైర్లలో కాస్త గాలి తీశాక హ్యాండిల్ అదురు తగ్గింది.

ఝోంత్ లోయ అంచున ఆగితే రాబందులు మన కాళ్ల కిందుగా తేలుతున్నాయి, రెక్క ఆడించకుండా! ఇక్కడ పూర్తిగా మాయమైపోతే 1980ల్లో మళ్లీ తెచ్చి వదిలారు. మన దగ్గర రాబందులు కనిపించడమే గగనమైన ఈ రోజుల్లో ఎంత ఆశ కలిగిందో చెప్పలేను.

సైకిల్ మిత్రులారా, ఆల్ప్స్ ఒక్కటే కాదు, ఇటూ రండి. నీళ్లు మాత్రం ఫ్లోరాక్‌లోనే నింపుకోండి. పైన వాన నీరంతా రాతిలోకి ఇంకిపోతుంది, వాగులుండవు.