పన్నెండు మందితో సరిపోతుందా?

గుణాత్మక పరిశోధన, అంటే అంకెలతో కాక మనుషుల మాటలతో చేసే పరిశోధన, మొదలుపెట్టే ప్రతి విద్యార్థీ "ఎంతమందితో మాట్లాడాలి?" అని అడుగుతారు. 12 అనే అంకె చాలామంది నోట్లో నానుతోంది. అది 2006లో అచ్చయిన విశ్లేషణది. ఘానా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూల్లో కోడ్‌లు (మాటల్లోని ఒక్కో విషయానికి పరిశోధకులు పెట్టుకునే పేర్లు) చాలావరకు మొదటి 12లోనే వచ్చేశాయి. అక్కడ మాట్లాడినవాళ్లు ఇంచుమించు ఒకే తరహా, ప్రశ్నలూ ఒకటే. అదే మీ పరిశోధనలో ఆశా కార్యకర్తలు, గర్భిణులు, అత్తలు మూడు వర్గాలనూ కలిపి 12 అంటే ఒక్కో వర్గానికి నలుగురే. చాలదు.

అంతకన్నా పెద్ద బెంగ ప్రశ్నల గురించి. "ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదు?" అంటే తెలుగులో నిలదీసినట్టే ఉంటుంది, సంజాయిషీయే వస్తుంది. "ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా" అంటే బస్సు దొరకకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం వాటంతటవే బయటికొస్తాయి. అడిగాక ఆగండి, మౌనాన్ని మీరు నింపొద్దు. అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలి జవాబు మారిపోతుంది, అందుకే చోటు ముందే చూసుకోవాలి.

గంట రికార్డింగును విని కాగితం మీదికి ఎక్కించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. దయచేసి తెలుగులోనే రాయండి, తెలుగులోనే కోడ్ చేయండి. "మొహమాటపడ్డాను" అన్న మాట ఇంగ్లీషులోకి వెళ్లి ఉత్త సిగ్గుగా మారితే, ఆమె డాక్టరుకు ఎదురు చెప్పలేకపోయిన అసలు కారణం అక్కడే పోతుంది. అన్నీ ముగిశాక కోడింగ్‌కు కూర్చోవద్దు. మూడు ఇంటర్వ్యూలు కాగానే మొదలుపెడితే, నాలుగో మనిషిని ఏం అడగాలో తెలుస్తుంది.