సాగర్ నీళ్ల మధ్య అమ్మతో రెండు రోజులు

సముద్రం చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. డెబ్బై ఎనిమిదేళ్ల వయసు, మోకాళ్ల నొప్పులు. అంతదూరం ప్రయాణమంటే నాకే టెన్షన్. దసరా సెలవుల్లో బాబుకు బడి లేదు. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉందని పేపర్లో చదివి, జలాశయం ఒడ్డునే ఉన్న ఒక హోటల్లో రూమ్ బుక్ చేశాను. నల్లగొండ నుంచి పొద్దున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు.

"సాగర్ నాకేం కొత్త బిడ్డా" అంది అమ్మ కారెక్కుతూ. కొత్త కాదు, నిజమే. పద్నాలుగేళ్ల వయసులో ఆ డ్యామ్ మీద తట్ట మోసింది. కానీ ఆ పని మానేశాక మళ్లీ అటువైపు వెళ్లలేదని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. పెళ్లి, పొలం, పిల్లలు. హాలియా దగ్గర మాకున్న రెండెకరాలకు ఎడమ కాలువ నీళ్లు వస్తుంటే, ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడడానికి ఆమెకు తీరికే దొరకలేదు.

రూమ్‌లోకి వెళ్లగానే బాబు బాల్కనీ తలుపు తీశాడు. గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ఎదురుగా నీళ్లు, నీళ్లే. అవతల కొండలు నీలంగా, పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. పూర్తి మట్టం 590 అడుగులు, 312 టీఎంసీలు అని ఏటా వార్తల్లో వినే లెక్కలు ఇవి. ఆ లెక్కకు అర్థమేమిటో ఆ బాల్కనీలో నిలబడితే గానీ నాకు తెలియలేదు. అమ్మ కుర్చీ రెయిలింగ్ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు గీడ నీళ్లు లేవు. బండల నడుమ ఏరు పారేది. గింతైతదని ఎవరనుకున్నరు?" అంది.

సాయంత్రం డ్యామ్ కనిపించే చోటికి వెళ్లాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లూ రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ ఇది. యంత్రాల కంటే మనుషుల చేతులే ఎక్కువ పనిచేశాయి. పరంజాల మీద ఏటవాలు దారులు వేసి, పెద్ద రాళ్లను బొంగులకు వేలాడదీసి మగవాళ్లు భుజాల మీద మోసేవాళ్లట. ఆడవాళ్లవి తట్టలు. "తట్ట ఎట్ల ఎత్తుతరు అమ్మమ్మా?" అని బాబు అడిగాడు. అమ్మ కొంగును నాలుగు మడతలు వేసి, బొటనవేలి చుట్టూ తిప్పి, చివర లోపలికి దోపి చుట్టబట్ట చేసింది. రెండు క్షణాల పని. అరవై ఏళ్లు దాటినా ఆ వేళ్లు తడుముకోలేదు. దాన్ని వాడి నెత్తిన పెట్టి, "ఇప్పుడు మెడ కదపొద్దు" అంది. వాడు ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

చీకటి పడేలోపు గేట్లు లెక్కపెట్టాలని చూసింది. పంతొమ్మిది దగ్గర తప్పిపోయింది.

మర్నాడు లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్లాం. దాదాపు గంట ప్రయాణం. ఒకప్పుడు లోయ మధ్యలో ఉన్న కొండ ఇది. నీళ్లు చుట్టుముట్టి దీవైంది. ఇప్పుడు పల్నాడు జిల్లా కిందికి వస్తుంది. మా లాంచీ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగి ఉందని చెబితే బాబు అంచు మీదికి వంగి తొంగిచూశాడు. 1926లో ఆ శిథిలాలు బయటపడ్డాయి. డ్యామ్ ఖాయమయ్యాక, 1954 నుంచి ఆరేళ్లపాటు లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండపైకి తరలించి మళ్లీ కట్టారు. మ్యూజియం కూడా అక్కడే ఉంది. శుక్రవారం మూసి ఉంటుంది, వెళ్లేవాళ్లు చూసుకుని వెళ్లండి.

మ్యూజియంలో మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం గురించి అమ్మకు చదివి చెప్పాను. పదిహేడు వందల ఏళ్ల కిందట దాన్ని కట్టించింది రాజు శాంతమూలుడి సోదరి చాంతిశ్రీ. అక్కడి స్తంభాల మీద ఆమె పేరు చెక్కి ఉంది. "ఆడామె కట్టించిందా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. "పేరు రాయించుకున్నది సూడు" అని సంతోషపడింది. ఆ స్తూపాల కంటే, శిల్పాల కంటే నాకు ఆ మాటే ఎక్కువ గుర్తుంది. డ్యామ్ కట్టిన వేలమందిలో మా అమ్మ పేరు ఎక్కడుందని నా మనసులో మెదిలింది. అడగలేదు.

కొండ మీద తిరిగి కట్టిన స్నానఘట్టం మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ చెప్పులు విడిచి, అరచేత్తో మెట్టును అటూ ఇటూ నిమిరింది. "ఇది మెత్తటి రాయి. మేం మోసింది గిది కాదు, అది చేతులు గీరుకపోయే రాయి" అంది. నిజమే. విజయపురి కట్టడాలకు, శిల్పాలకు వాడింది పల్నాడు సున్నపురాయి. ఎవరూ చెప్పకుండానే, తాకి తెలుసుకుంది.

తిరుగు ప్రయాణంలో గాలికి చిన్న అలలు లేచాయి. నీటి తుంపరలు ముఖాన పడితే అమ్మ నాలుకతో పెదవి తడుపుకుంది. "సముద్రం నీళ్లు ఉప్పగుంటయంట గదా. ఇవి తియ్యగున్నయి" అంది.

దూరంగా డ్యామ్ కనిపించగానే లేచి కడ్డీ పట్టుకుని నిలబడింది. నేను నడుం పట్టుకున్నాను. ఒకటీ, రెండూ అంటూ మొదటి గేటు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బాబు కూడా గొంతు కలిపాడు. పంతొమ్మిది దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఆరు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగారు.