డైనోఫ్లాజెల్లేట్ల వర్గీకరణ నా బుర్రకెక్కిన తీరు

ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీలో సెమినార్‌కి నాకొచ్చిన టాపిక్ డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు, వాటి పరాన్నజీవి బంధువులు. మొదటి వారమంతా టెన్షనే. బోటనీ పుస్తకం తీస్తే శైవలాల్లో డైనోఫైసీ అని ఉంటుంది, జువాలజీ పుస్తకంలో అవే ప్రోటోజోవాలో కనిపిస్తాయి. కొన్ని ఎండతో బతుకుతాయి, కొన్ని వేటాడి తింటాయి, కొన్ని రెండూ చేస్తాయి, అందుకే రెండు శాస్త్రాలవాళ్లూ ఎవరి నియమాల ప్రకారం వాళ్లు పేర్లు పెట్టుకున్నారు.

విశాఖ తీరంలో వలతో పట్టిన ప్లాంక్టన్‌ని (నీటిలో తేలే చిన్న జీవుల్ని) ఫార్మలిన్ కలపకుండా స్లైడ్ మీద వేసి చూశాను. మూడు కొమ్ముల సెరాషియం అనే డైనోఫ్లాజెల్లేట్ ఒకటి గిరగిరా తిరుగుతూ పోతోంది. ఈదడానికి దీనికి కశాభాలనే రెండు పోగులుంటాయి; నడుం గాడిలో ఉండేది సరిగా దొరకలేదు గానీ వెనక్కి సాగినది మాత్రం కొరడాలా ఆడుతోంది. (సముద్రంలోని ఈ జాతుల్ని 2013లో ట్రైపోస్ ప్రజాతిలోకి మార్చారు, మా ల్యాబ్ స్లైడ్ల మీద ఇంకా పాత పేరే.)

పరాన్నజీవుల దగ్గర మళ్లీ ఆగిపోయాను. మా మేడమ్ "ముందు పెర్కిన్సస్ కథ చదువమ్మా" అన్నారు. అక్కడే ముడి వీడింది. అమెరికా ఆల్చిప్పల్ని చంపే ఈ జీవిని 1950లో శిలీంధ్రం అనుకుని డెర్మోసిస్టిడియం అని పేరు పెట్టారు. తర్వాత దాని జూస్పోరు (ఈదే బీజకణం) కొసన మలేరియా పరాన్నజీవి బంధువుల్లో ఉండే కోనాయిడ్ (శంకువు ఆకారపు భాగం) లాంటి నిర్మాణం కనిపించడంతో 1978లో పెర్కిన్సస్ అని మార్చి మలేరియా పరాన్నజీవి ఉండే ఎపికాంప్లెక్సా వర్గంలో చేర్చారు. జన్యువులు పోల్చి చూశాక అది డైనోఫ్లాజెల్లేట్లకే దగ్గరని తేలింది. ఆ జబ్బును మాత్రం ఇప్పటికీ డెర్మో అనే అంటారు! పీతల్లో చేరే హెమటోడినియం, తోటి డైనోఫ్లాజెల్లేట్లలోకే దూరి లోపల్నుంచి తినేసే అమీబోఫ్రియా కూడా ఈ వంశానివే. వీటికీ ఎపికాంప్లెక్సాకీ పారమీషియం లాంటి సీలియేట్లకీ కణపొర కింద చదునైన సంచులుంటాయి, అందుకే అన్నిటినీ కలిపి ఆల్వియోలేటా అంటారు. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే వారం రోజులు మిగిలేవి.

సెమినార్లో సికింద్రాబాద్ గురించి కూడా చెప్పాను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవికీ ఒకప్పటి హరితరేణువు అవశేషం ఉంది, దాన్ని ఎపికోప్లాస్ట్ అంటారు. "అంటే అది మొక్కా?" అని ఒక జూనియర్ అడిగాడు. కాదు, దాని పూర్వీకులు కిరణజన్య సంయోగక్రియ చేసేవి, సిడ్నీ రేవు పగడాల్లో దొరికి 2008లో పేరు పెట్టుకున్న దాని బంధువు క్రోమెరా ఇప్పటికీ చేస్తోంది అని చెప్పాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మలేరియా మీద పనిచేసేది కూడా ఆ అవశేషంలో ప్రోటీన్ల తయారీని ఆపడం వల్లే.